అక్టోబర్ 15 సంఘం రేడియో పాటల సభ: జమా ఖర్చుల వివరణ

చందాలు ఇచ్చిన అందరికీ నమస్కారం. ముందుగా ఒక మాట. ఈ సభ పెట్టింది మన ఊరి శ్రోతలం. రేడియో కేంద్రం దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు.

మన 84 ఇళ్ల నుంచి చందాలు 18,900 రూపాయలు వచ్చాయి. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు 9,500 పంపారు. సభ రోజు జొన్నరొట్టెలు అమ్మితే 2,340 వచ్చింది. మొత్తం జమ 30,740 రూపాయలు.

ఖర్చుల్లో అన్నిటికంటే పెద్దది పాటలు పాడిన 14 మంది ఆడవాళ్లకు 500 చొప్పున ఇచ్చిన 7,000. "రోజూ పాడుకునే పాటలకు డబ్బులెందుకు?" అని కొందరు అడిగారు. ఆ రోజు వాళ్లు కైకిలి (కూలిపని) మానుకుని వచ్చారు. పైగా మాచునూరులో సంఘం రేడియో నిలబడిందే ఇలాంటి గొంతుల మీద. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని పేద దళిత మహిళలు తమ గురించి తామే మాట్లాడుకోవాలని కోరుకున్నారు. 1990ల చివర్లో యునెస్కో సాయంతో స్టూడియో వచ్చింది కానీ ప్రసారానికి అనుమతి లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవడానికి దారి తెరిచిన ప్రభుత్వ విధానం 2006 నవంబర్‌లో గానీ రాలేదు. అన్నేళ్లూ వాళ్లు ఊరుకోలేదు. నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, పాత విత్తనాల ముచ్చట్లు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించారు. 2008 అక్టోబర్ 15న 90.4 ఎఫ్‌ఎం మొదలైంది. ప్రారంభించిన జస్టిస్ పి.బి. సావంత్, 1995లో ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు ఆ స్టేషన్‌ను నడిపారు. ఇదంతా తెలిసి కూడా మన అక్కలతో ఊరికే పాడించుకోవడానికి కమిటీకి మనసొప్పలేదు.

మన ఇళ్లల్లో మిగిలిన పాత క్యాసెట్లు 35 దొరికాయి. వాటిలో 31 కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఒక్కోదానికి 120 చొప్పున 3,720 అయింది. నాలుగు బూజు పట్టి టేపు అతుక్కుపోయింది, వాటికి డబ్బు తీసుకోలేదు. ఆ నాలుగింట్లో ఒకదాంట్లో ఇప్పుడు మన మధ్య లేని ఒక పెద్దమ్మ కైగట్టిన (సొంతంగా అల్లిన) కలుపు పాట ఉందని ఆమె కోడలు చెప్పింది. చాలా బాధేసింది. ఆ పాట ఎవరికైనా రెండు చరణాలు గుర్తున్నా కమిటీకి చెప్పండి, వచ్చి రాసుకుంటాం.

ముసలివాళ్ల కోసం ఆరు రేడియో సెట్లు కొన్నాం, 5,100. షామియానా, కుర్చీలు, మైకుకు 5,200. భోజనాలకు 4,860. రేడియో చరిత్ర చెప్పే ఫొటోలు, ఫ్లెక్సీలకు 1,800. ఆటో కిరాయి 950.

ఒక వెయ్యి రూపాయలు మాత్రం పోయాయి. మొదట మాట్లాడుకున్న మైకు అతను అడ్వాన్స్ తీసుకుని రాలేదు, తిరిగీ ఇవ్వలేదు. సాయంత్రం దాకా ఒకటే టెన్షన్. రసీదు తీసుకోకపోవడం కమిటీ తప్పే. దాన్ని ఖర్చులోనే చూపిస్తున్నాం.

మొత్తం ఖర్చు 29,630. మిగిలింది 1,110. దీంతో ఎక్కించిన పాటలను పెన్‌డ్రైవ్‌లలో వేసి బడికి ఒకటి, గ్రంథాలయానికి ఒకటి ఇద్దామని అనుకుంటున్నాం. వద్దనుకునేవాళ్లు ఆదివారంలోపు చెప్పండి. మైకు అడ్వాన్స్ తప్ప మిగతా ఖర్చులన్నిటికీ బిల్లులు, పాడినవాళ్ల సంతకాలు, వేలిముద్రలు ఉన్న కాగితం చావడిలో ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.