బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒక్కరే, ఫైళ్లు మాత్రం రెండు: రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి శ్రీ పొన్నం ప్రభాకర్ గారికి,

నమస్కారం సార్. ఉత్తర తెలంగాణలోని ఒక చిన్న పట్టణంలో నేను 22 ఏళ్లుగా డ్రైవింగ్ స్కూల్ నడుపుతున్నాను. రెండు కార్లు, ఒక పాత జీపు, అద్దె గది, గోడ మీద రోడ్డు గుర్తుల చార్టు. నా స్కూలంటే ఇంతే. పొద్దున పిల్లలకు క్లచ్ వదలడం నేర్పిస్తాను. స్లాట్ ఉన్న రోజు వాళ్లను వెంటబెట్టుకుని టెస్ట్ ట్రాక్‌కు పోతాను. గడువు దగ్గర పడితే నా బండ్లను ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పరీక్షకు, తీసుకెళ్తాను. అందుకే డ్రైవర్‌కు పెట్టే పరీక్షనూ, బండికి పెట్టే పరీక్షనూ దగ్గర నుంచి చూస్తూ వచ్చాను. ఆ రెండింటినీ ఒక్కచోటికి తెమ్మని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మన ఊళ్లలో మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ను ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. ట్రాక్ పక్కన నిలబడి పిల్లల్ని పాస్ చేసేది ఆయనే, లారీ కింద వంగి చూసేదీ ఆయనే. మధ్యలో పన్ను కట్టని బండ్లను పట్టుకోవాలి. ఎక్కడైనా ప్రమాదం జరిగితే వెళ్లి బండిని చూసి రిపోర్టు రాయాలి. మనిషి ఒక్కరే అయినా ఆయన రాసే కాగితాలు వేర్వేరు అరల్లోకి పోతాయి. లైసెన్సు ఫైలుకు బండి సంగతి పట్టదు, ఫిట్‌నెస్ ఫైలుకు డ్రైవర్ సంగతి పట్టదు.

దీనివల్ల ఏమవుతుందో ఒక అబ్బాయి విషయం చెప్తే మీకే తెలుస్తుంది.

మూడేళ్ల కింద నా దగ్గర నేర్చుకున్నాడు. నెమ్మదైన పిల్లాడు, అద్దాలు చూడకుండా గేరు వేసేవాడు కాదు. నా చిన్న కారు మీదే పరీక్ష పాసయ్యాడు. లైసెన్సు చేతికొచ్చిన కొద్దికాలానికే ఒక డీసీఎం (చిన్న లారీ) మీద డ్రైవర్‌గా చేరాడు. చట్టం ప్రకారం అందులో తప్పేమీ లేదు. ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా 2024 నవంబర్ 6న తేల్చి చెప్పింది. ఒకరోజు సిమెంటు లోడుతో పోతూ మా స్కూల్ ముందు ఆపాడు. "అన్నా, బ్రేక్ కొడితే బండి ఎడమకు గుంజుతుంది. సేటుకు చెప్తే, మొన్ననే ఎఫ్‌సీ అయింది కదరా అంటున్నడు" అన్నాడు. నేను కింద దూరి చూశాను. ముందు కుడి చక్రం డ్రమ్ములోంచి బ్రేక్ ఆయిల్ కారి టైరు లోపలి వైపంతా తడిసిపోయి ఉంది. వేలు పెడితే జిడ్డు అంటింది. ఇట్లా నడపొద్దురా అన్నాను. "ఈ లోడు దించి వస్త అన్నా" అని పోయాడు.

నాలుగో రోజు కబురొచ్చింది, కల్వర్టు గోడకు కొట్టాడని. ప్రాణం దక్కింది గానీ కుడి కాలు మోకాలి కింద నుంచి పోయింది. పోలీసులు వచ్చి చూస్తే లైసెన్సు సరిగ్గా ఉంది, ఫిట్‌నెస్ గడువు ఇంకా పది నెలలుంది. రెండు కాగితాలకూ ఏ వంకా లేదు. ఆ అబ్బాయికి అంత బండి మీద అనుభవం ఉందా అని ఎవరూ అడగలేదు. ఆ బండి బ్రేకులు పరీక్ష రోజున నిజంగా ఎంత పట్టాయో ఎక్కడా రాసి లేదు.

ఎఫ్‌సీ గ్రౌండ్లు నేను చాలా చూశాను సార్. తెల్లవారకముందే గేటు బయట బండ్లు వరుస కడతాయి. నున్నగా అరిగిన టైర్లు విప్పేసి, అద్దెకు తెచ్చిన మంచి టైర్లు ఎక్కిస్తుంటారు. సాయంత్రానికి వాటిని మళ్లీ విప్పి తిరిగి ఇచ్చేస్తారు. ఒకే ఫస్ట్ ఎయిడ్ బాక్సు చేతులు మారుతూ నాలుగు బండ్లకు పనికొస్తుంది. అక్కడున్న డ్రైవర్లందరికీ ఇది తెలుసు. రేపటి నుంచి ఆ అరిగిన టైర్ల మీద బతకాల్సింది వాళ్లే కాబట్టి వాళ్లకే అందరికంటే బాగా తెలుసు. కానీ బండి పరీక్షలో డ్రైవర్‌ను ఒక్క మాటా అడగరు. డ్రైవర్ పరీక్షలో బండి గురించి పెద్దగా అడగరు.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ఆ బస్సు రిజిస్ట్రేషన్ మొదట డామన్ డయ్యూలో, తర్వాత ఒడిశాలో. సీట్ల బస్సును స్లీపర్‌గా మార్చారనీ, డ్రైవర్ లైసెన్సుకు పెట్టిన చదువు సర్టిఫికెట్ అసలుది కాదనీ వార్తలొచ్చాయి. ఇవన్నీ బయటపడింది మనుషులు పోయాక, విలేకరులూ పోలీసులూ తవ్వితే. సరిగ్గా పది రోజులకు, నవంబర్ 3న, మన చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది పోయారు. కంకర కింద కూరుకుపోయిన ప్రయాణికులను బయటికి తీసిన దృశ్యాలు మీరూ చూశారు. ప్రతిసారీ అవే రెండు ప్రశ్నలు: డ్రైవర్ ఎలాంటివాడు, బండి ఎలాంటిది. ఆ రెండింటికీ కలిపి ఒక్కచోట జవాబు చెప్పగల ఆఫీసు మనకు లేదు.

ఇప్పుడు ఆ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కూడా పక్కకు జరుగుతున్నారు. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రంలో నేర్చుకుని అక్కడే పాసైతే, ఆర్టీఏ ట్రాక్ మీద మళ్లీ పరీక్ష అక్కర్లేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో బండ్లను మిషన్లతో పరీక్షించే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల నిబంధనలొచ్చాయి. రవాణా బండ్ల ఫిట్‌నెస్ మెల్లగా అటు పోతోంది. మిషన్లు రావడం నాకు సంతోషమే. రోలర్ మీద చక్రం తిప్పి ఏ బ్రేకు ఎంత పడుతోందో లెక్క చూపించే మిషన్ ఉంటే, ఆ అబ్బాయి డీసీఎం కుడి బ్రేకు అక్కడే దొరికిపోయేదేమో. నా టెన్షన్ మిషన్ గురించి కాదు. డ్రైవర్ పరీక్ష ఒక ప్రైవేటు చేతికి, బండి పరీక్ష ఇంకో ప్రైవేటు చేతికి పోతే, ఇన్నాళ్లూ కనీసం ఒక మనిషి దగ్గరైనా కలిసిన ఆ రెండూ ఇక ఎక్కడా కలవవు. కేంద్రం కంప్యూటర్లలో కూడా బండ్ల వివరాలకు వాహన్, లైసెన్సులకు సారథి అని వేర్వేరుగానే ఉన్నాయి. మన రాష్ట్రం ఇన్నాళ్లూ సొంత సాఫ్ట్‌వేర్‌తో నడిచి ఇప్పుడు అటు మారుతోంది. ఎలాగూ ఇల్లు సర్దుతున్నాం కాబట్టి గోడ తీసేయాలంటే ఇదే సమయం.

బ్రిటన్‌లో ఈ పని చేశారు. మా పెద్దమ్మాయి బర్మింగ్‌హామ్‌లో నర్సు. మన లైసెన్సు అక్కడ 12 నెలలే చెల్లుతుంది, తర్వాత వాళ్ల పరీక్ష పాసవ్వాల్సిందే. నేను వాళ్లింట్లో ఉన్నప్పుడే దాని మొదటి పరీక్ష వచ్చింది. బయల్దేరే ముందు చూస్తే నేర్పించిన మాస్టారి కారుకు ఒక బ్రేక్ లైటు వెలగలేదు. అంతే, పరీక్ష రద్దు. ఫీజూ పోయింది. పిల్ల ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది. దాన్ని చూస్తే బాధేసినా, ఆ ఎగ్జామినర్‌కు మనసులోనే దండం పెట్టుకున్నాను. రెండోసారి పరీక్షలో 20 మీటర్ల దూరం నుంచి నంబర్ ప్లేటు చదివించారు. ఆ తర్వాత, బండి తీసే ముందు బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో ఎలా చూస్తావో చెప్పు అని అడిగారు. డ్రైవర్ పరీక్షలోనే బండి పరీక్ష కూడా కలిసి ఉంది. నా 22 ఏళ్లలో నా విద్యార్థిని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

అక్కడ డ్రైవింగ్ పరీక్షలకు 1990 నుంచి డ్రైవింగ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ అని ఒకటి ఉండేది. లారీలు, బస్సుల తనిఖీకీ, కార్లను పరీక్షించే గ్యారేజీల మీద నిఘాకీ 2003లో వోసా అనే సంస్థ వచ్చింది. రెండింటినీ కలుపుతామని 2013 జూన్‌లో ప్రకటించి, 2014 ఏప్రిల్ 2 నుంచి డీవీఎస్ఏ అనే ఒకే సంస్థగా మార్చారు. లైసెన్సులు ఇవ్వడం, రిజిస్ట్రేషన్, వాహన పన్ను చూసుకునేది వేరే సంస్థ, స్వాన్సీలో ఉంటుంది. అంటే పరీక్ష పెట్టేవాళ్లు ఒకచోట, పన్ను తీసుకునేవాళ్లు ఇంకోచోట. మనం ముఖ్యంగా చూడాల్సింది దీన్నే. మన రవాణా శాఖను ఏ సమీక్షలోనైనా ముందు అడిగేది ఎంత ఆదాయం తెచ్చావని. ఎన్ని బండ్లను నిజాయితీగా ఫెయిల్ చేశావని అడిగిన సమీక్ష గురించి నేనెప్పుడూ వినలేదు.

ఇంకొకటి కూడా అక్కడి నుంచి నేర్చుకోవచ్చు. లారీలు, బస్సుల పరీక్ష చాలావరకు ప్రైవేటు ఆవరణల్లో జరుగుతుంది. షెడ్డు, మిషన్లు ప్రైవేటువే. కానీ పరీక్షించి సంతకం పెట్టేది ప్రభుత్వ ఉద్యోగి. కార్లకైతే ప్రైవేటు గ్యారేజీలే చేస్తాయి, వాటి మీద డీవీఎస్ఏ నిఘా ఉంటుంది. ఏ కారు ఏ ఏడు ఎందుకు ఫెయిలైందో, అప్పటికి ఎన్ని మైళ్లు తిరిగిందో నంబర్ కొడితే ఎవరికైనా కనపడుతుంది. మన దగ్గర కనపడేది ఫిట్‌నెస్ ఎప్పటివరకు ఉందన్న తేదీ. సంతలో సెకండ్ హ్యాండ్ బండి కొనే రైతుకు ఆ తేదీతో ఏం తెలుస్తుంది?

అక్కడ అంతా బాగుందని చెప్పను సార్. రెండు సంస్థలు కలిశాక కూడా కష్టాలు వచ్చాయి. కోవిడ్ తర్వాత డ్రైవింగ్ పరీక్షకు చాలా కేంద్రాల్లో 24 వారాల దాకా ఆగాల్సి వచ్చింది. 62 పౌండ్ల స్లాట్లను దళారులు సాఫ్ట్‌వేర్‌తో ముందే పట్టేసి వందల పౌండ్లకు అమ్ముకున్నారు. బోర్డు మార్చినంత మాత్రాన ఎగ్జామినర్లు పుట్టుకురారు. మనం కూడా ఉన్న సిబ్బందినే రెండు కుర్చీల మధ్య తిప్పుతూ కొత్త పేరు పెడితే, ఉన్న ఇన్‌స్పెక్టర్ల నడుం విరుగుతుంది తప్ప రోడ్డు మీద ఏమీ మారదు. ముందు ఖాళీ పోస్టులు నింపండి, తర్వాతే బోర్డు రాయించండి.

నేను అడిగేది ఇది. మోటారు వాహనాల చట్టం 213వ సెక్షన్ కింద రవాణా శాఖను ఎలా ఏర్పాటు చేసుకోవాలో రాష్ట్రం చేతిలోనే ఉంది. డ్రైవర్ పరీక్షనూ బండి పరీక్షనూ కలిపి, పన్ను వసూలుతో సంబంధం లేని ఒక్క పరీక్షా విభాగం పెట్టండి. ప్రైవేటు శిక్షణ కేంద్రం, ప్రైవేటు టెస్టింగ్ స్టేషన్ రెండూ ఆ విభాగానికే జవాబు చెప్పాలి. అందులోని ఇన్‌స్పెక్టర్లు చెప్పకుండా వెళ్లి, పాసైన బండ్లను మళ్లీ పరీక్షించాలి, పాసైన డ్రైవర్లను మళ్లీ నడిపించి చూడాలి. ఒక ప్రమాదం జరిగితే ఆ డ్రైవర్ ఎక్కడ పాసయ్యాడో, ఆ బండి ఎక్కడ పాసైందో, ఎవరు సంతకం పెట్టారో ఒకే పేజీలో రావాలి. ఒకే కేంద్రం పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే అప్పుడు ఎవరూ దాచలేరు. అంతా ఒక్కచోట పెడితే లంచం కూడా ఒక్కచోటే చేరుతుందని నా తోటి స్కూళ్లవాళ్లు అంటారు. ఆ భయం నాకూ ఉంది. అందుకే ఏ ఇన్‌స్పెక్టర్ ఏ కేంద్రానికి పోవాలో ఆ రోజు పొద్దునే కంప్యూటర్ చెప్పాలి, ఫెయిలైన వివరాలు జనమందరికీ కనపడాలి. చీకట్లో జరిగేదాన్ని రెండు గదుల్లో పెట్టినా ఒక గదిలో పెట్టినా ఒకటే, దీపం పెట్టాలి.

ఇందులో నా స్వార్థం ఉందా అని మీరు అనుకోవచ్చు. గుర్తింపు శిక్షణ కేంద్రానికి మైదాన ప్రాంతంలో రెండెకరాలు కావాలి. నాకు రెండు గుంటలు కూడా లేవు. మీరు నేను చెప్పినట్టు గట్టిగా చేస్తే నాలాంటి చిన్న స్కూళ్లు ఎన్ని మిగులుతాయో తెలియదు. అయినా అడుగుతున్నాను.

కాలు పోయిన ఆ అబ్బాయి ఇప్పుడు నా దగ్గరే పనిచేస్తున్నాడు. రోడ్డు గుర్తుల క్లాసు వాడిదే. కొత్తగా చేరినవాళ్లను మొదటి రోజు స్టీరింగ్ ముట్టుకోనివ్వడు. కట్టె కాలు చాపుకుని కింద కూర్చుని, చక్రం లోపలి వైపు వేలు పెట్టి తడుంటే ఎలా తెలుస్తుందో చూపిస్తాడు. మీరు ఇటువైపు వచ్చినప్పుడు పది నిమిషాలు మా స్కూల్ దగ్గర ఆగండి సార్. అక్కడి నుంచి, ఎవరికీ చెప్పకుండా, పొద్దున ఆరింటికి ఏదైనా ఒక ఎఫ్‌సీ గ్రౌండ్ గేటు దగ్గరికి పోదాం. వాడూ వస్తానన్నాడు.

నమస్కారాలతో,
ఒక డ్రైవింగ్ స్కూల్ మాస్టారు