2025–26 వార్షిక నివేదిక: ఫోన్ మనదైతే పిన్ కూడా మన దగ్గరే ఉండాలి

చూపు లేనివాళ్ల మన సంఘం సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నిబంధనల్లో ఉంది కాబట్టి ఎలాగూ రాయాల్సిందే. కానీ ఈ ఏడాది రాయడానికి నిజంగా చాలా ఉంది, అందుకని కాస్త పొడుగైనా ఓపిగ్గా వినండి. స్క్రీన్ రీడర్‌తో (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) చదువుకునేవాళ్ల కోసం యూనికోడ్ ఫైలు (అది చదవగలిగే తెలుగు అక్షరాల ఫైలు) గ్రూపులో పెట్టాను, వినేవాళ్ల కోసం ఆడియో కూడా ఉంది. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. 2022లో గుంటూరు, పల్నాడు, బాపట్ల అని జిల్లాలు మూడయ్యాయి గానీ మనం మాత్రం విడిపోలేదు, తిరగాల్సిన ఆఫీసులు పెరిగాయి, అంతే.

ఏప్రిల్‌లో కొత్త కార్యవర్గం కూర్చున్నప్పుడే ఒక మాట అనుకున్నాం. మన సభ్యుల్లో ఎవరూ తమ యూపీఐ పిన్‌ను ఇంకొకరికి చెప్పుకోవాల్సిన పరిస్థితి ఉండకూడదు. ఇదెంత పెద్ద సమస్యో బయటివాళ్లకు తెలియదు. కొట్లో సామాన్లు కొని, ఫోన్ కొట్టతని చేతికిచ్చి, వెనక నలుగురు నిలబడి వింటుండగా పిన్ పైకి చెప్పేవాళ్లు మనలో ఇప్పటికీ ఉన్నారు. ఇంట్లో కొడుకు చేతిలోనో తోడికోడలి చేతిలోనో ఫోన్ ఉంటుంది, పెన్షన్ ఎప్పుడు పడిందో ఎంత తీశారో వాళ్లు చెబితేనే తెలుస్తుంది. ఫోన్ లేక కాదు ఇదంతా. మనవాళ్ల దగ్గరున్న ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర మీదున్నది చదివి చెప్పే టాక్‌బ్యాక్ ముందే ఉంది, వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి కాసేపు నొక్కి పట్టుకుంటే చాలావాటిలో మాట్లాడటం మొదలుపెడుతుంది. ఐఫోన్‌లో అదే పని చేసే వాయిస్‌ఓవర్ 2009 నుంచీ ఉంది. లేనిదల్లా పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పే మనిషి. ఫోన్లు పంచే దాతలు దొరుకుతారు, ఫోన్ తెరవడం నేర్పేవాళ్లు మాత్రం దొరకరు.

అందుకే నవంబర్‌లో మూడు రోజుల శిబిరం పెట్టాం. ఈ సంఘం ఇన్నేళ్లలో చేసిన పనుల్లో ఇదే మంచిదని నా అభిప్రాయం, కార్యవర్గంలో అందరూ అదే అంటున్నారు. తెనాలి, నరసరావుపేట, సత్తెనపల్లి, రేపల్లె వైపుల నుంచి వచ్చారు, సగం మంది ఆడవాళ్లు, ఇది మాకు చాలా సంతోషం. మొదటి రోజంతా ఒక్క యాప్ కూడా తెరవనివ్వలేదు. వేలు కుడికి జరపడం, ఎడమకి జరపడం, రెండుసార్లు తట్టడం, రెండు వేళ్లతో పేజీ కిందికి నెట్టడం, ఇంతే. కొందరు విసుక్కున్నారు కూడా. కానీ చేతివేళ్లకు ఈ అలవాటు రాకుండా యాప్‌లు నేర్పితే మర్నాటికే మర్చిపోతారని మా శిక్షకుడు గారు గట్టిగా పట్టుబట్టారు, ఆయనే కరెక్టు. ఆయనకూ చూపు లేదు, అందుకే ఎక్కడ చెయ్యి తడబడుతుందో చెప్పకుండానే ఆయనకు తెలిసిపోతుంది.

మూడో రోజు సాయంత్రం అందర్నీ శిబిరం పెట్టిన కల్యాణమండపం పక్కనున్న టీ కొట్టుకు తీసుకెళ్లాం, ఎవరి టీ డబ్బులు వాళ్లే ఫోన్‌తో కట్టాలని షరతు. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉన్నారు, యాభై దాటాయి, అప్పటిదాకా బటన్ల ఫోనే వాడారు. క్యూఆర్ స్టిక్కర్ ఎక్కడుందో చేత్తో తడిమి చూసి ఫోన్‌ని దానికి ఆనించేశారు, కెమెరాకు ఏమీ కనపడలేదు. మోచెయ్యి బల్ల మీద పెట్టి, స్టిక్కర్ మధ్యన వేలు ఉంచి, ఫోన్‌ని నెమ్మదిగా జానెడు వెనక్కి తీసుకురమ్మన్నారు శిక్షకుడు గారు. ఠక్కున కొట్టతని పేరు వినిపించింది. పిన్ పేజీ వచ్చేసరికి ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, అంకెల మీద వేలు జరుపుకుంటూ, కావాల్సిన అంకె వినపడగానే తట్టుకుంటూ వెళ్లారు. ఒకసారి టైమ్ అయిపోయింది, మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారి కొట్టు లోపల స్పీకర్‌లో పది రూపాయలు వచ్చాయని వినపడింది. ఆవిడ ఇంకో టీ పొయ్యమన్నారు, తాగడానికి కాదు, మళ్లీ కట్టడానికి. ఆ రెండో టీ నేను తాగాను.

శిబిరానికి చెయ్యేసిన అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. కల్యాణమండపం అద్దె తీసుకోని యజమాని గారికి, మూడు పూటలా భోజనాలు పెట్టిన కుటుంబాలకు, రైలు దిగినవాళ్లను సొంత ఆటోల్లో తీసుకొచ్చిన ఆటో అన్నలకు, ఇయర్‌ఫోన్లు ఇచ్చిన మొబైల్ షాపాయనకు, పడుకునే చోట ఆడవాళ్లకు తోడుగా ఉన్న మన మహిళా విభాగం సభ్యులకు, ఆఖరి రోజు గిన్నెలు తోమేదాకా ఉన్న కాలేజీ అమ్మాయిలకు. ఈ అమ్మాయిల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్లు మన చేతిలోంచి ఫోన్ ఒక్కసారి కూడా లాక్కోలేదు. తప్పు నొక్కినా నోటితోనే చెప్పారు, చెయ్యి పెట్టలేదు. చూపున్నవాళ్లు నేర్పేటప్పుడు ఇది ఎంత అరుదో మీకందరికీ తెలుసు.

ఇక రాని వాళ్ల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నివేదిక సగమే అవుతుంది. వాలంటీర్లుగా పేరు రాయించుకున్నవాళ్లలో చాలామంది మొదటి రోజు ప్రారంభోత్సవానికి వచ్చి, బ్యానర్ దగ్గర ఫొటో దిగి, మధ్యాహ్నం నుంచి కనపడలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ముఖ్య అతిథిగా వస్తామన్న అధికారి కోసం పొద్దున్నే తయారై కూర్చున్నాం, ఆయన రాలేదు, రావట్లేదని కబురూ లేదు. వచ్చేసారి ప్రారంభోత్సవం పెట్టొద్దని నా ప్రతిపాదన. నేరుగా పాఠంతోనే మొదలుపెడదాం.

కేవైసీ (ఖాతాదారు ఎవరో బ్యాంకు నిర్ధారించుకునే తతంగం) గొడవ ఈ ఏడాది బాగా ముదిరింది. మన సభ్యుడొకరి ఖాతా ఒక బ్యాంకులో ఆపేశారు, వీడియో కాల్‌లో కళ్లు ఆర్పి చూపించమన్నారు, ముఖం గుండ్రటి గీత లోపల పెట్టమన్నారు. చూపు లేనివాళ్లకు ఆ గీత ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం సరిగ్గా ఈ విషయం మీదే తీర్పిచ్చింది. యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్ గారు, అంధ న్యాయవాది అమర్ జైన్ గారు వేసిన పిటిషన్ల మీద వచ్చిన తీర్పు అది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమే అని చెప్పి, 20 ఆదేశాలు ఇచ్చింది. కళ్లు ఆర్పడం ఒక్కటే పరీక్ష కాకూడదు, వేరే దారి ఉండాలి అన్నది వాటిలో మనకు బాగా పనికొచ్చేది. ముఖ్యమైన ఆదేశాలను మన న్యాయ సలహాదారు గారు తెలుగులో చదివి ఆడియో చేసి ఇచ్చారు, ఆయనకు కృతజ్ఞతలు. తీర్పు ప్రింటు పట్టుకుని మేము బ్యాంకుకు వెళ్తే అక్కడ ఈ తీర్పు గురించి విన్నవాళ్లే లేరు. చివరికి బ్రాంచ్‌లో మనిషి ఎదురుగా కూర్చుని కేవైసీ చేశారు, ఖాతా తెరుచుకుంది, కానీ ఈలోపు నెల రోజులు ఆయన తన డబ్బు తాను తీసుకోలేకపోయారు. ఇలాంటిది ఎవరికి జరిగినా ముందు సంఘానికి చెప్పండి. ఒంటరిగా వెళ్లి తిట్లు తినకండి.

నోట్ల గురించి కొత్త సభ్యులు అడుగుతున్నారు. నోటు ఎంతదో కెమెరాతో చూసి చెప్పే రిజర్వ్ బ్యాంకు వాళ్ల మణి యాప్ 2020 జనవరి 1న వచ్చింది, ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది, సగానికి మడిచిన నోటునూ గుర్తుపడుతుంది. అసలుదో నకిలీదో మాత్రం చెప్పదు, ఇది గుర్తుపెట్టుకోండి. చేత్తో కొలిచి చెప్పేయగలమని అనుకునేవాళ్లకు ఒక లెక్క చెబుతాను: వంద నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, రెండు వందలది 146, ఐదు వందలది 150, వెడల్పు మూడింటికీ ఒకటే 66. నాలుగు మిల్లీమీటర్ల తేడా బస్సులో కండక్టర్ ఎదురుగా ఎవరికీ తెలియదు. అంచున ఉబ్బెత్తు గీతలున్నాయి, వందకు నాలుగు, ఐదు వందలకు ఐదు, కానీ నోటు నలిగితే అవీ అరిగిపోతాయి. అందుకే ఈ యాప్ అందరి ఫోన్లలో వేయించాం.

కెమెరాతో చూసి ఎదురుగా ఏముందో చెప్పే యాప్‌ల గురించి కూడా ఒక మాట. గూగుల్ లుకౌట్, మైక్రోసాఫ్ట్ సీయింగ్ ఏఐ రెండూ మన తరగతుల్లో చూపించాం, సీయింగ్ ఏఐ 2023 డిసెంబర్ నుంచి ఆండ్రాయిడ్‌లోనూ దొరుకుతోంది. డెన్మార్క్‌లో మొదలైన బీ మై ఐస్‌లో వీడియో కాల్ చేస్తే చూపున్న వాలంటీర్ ఎవరో ఒకరు ఎత్తి చెబుతారు, లేదా ఫొటో తీసి ఏఐని అడగొచ్చు. చాలా బాగుంటాయి, కానీ మందుల దగ్గర ఏఐ ఒక్కదాన్నే నమ్మొద్దు. అది తెలియనిదాన్ని కూడా తెలిసినట్టే చెబుతుంది. మాత్ర పేరు, గడువు తేదీ ఇంకో మనిషితో చూపించుకోండి.

కంప్యూటర్ తరగతులు ఆదివారాలు మానకుండా జరిగాయి. కంప్యూటర్లో వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఉచితం అని ఇప్పటికీ చాలా ఆఫీసుల్లో తెలియదు. మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియా అంధ యువకుడు 2006లో మొదలుపెట్టింది అది, చూపున్నవాళ్లు కంప్యూటర్ కొనే ధరకే మనకూ కంప్యూటర్ రావాలని. స్క్రీన్ రీడర్‌కు బడ్జెట్ లేదని ఒక కార్యాలయంలో మన సభ్యురాలిని ఖాళీగా కూర్చోబెడితే, పెన్‌డ్రైవ్‌లో ఎన్‌వీడీఏ పోర్టబుల్ కాపీ (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే నడిచేది) పట్టుకెళ్లి అక్కడికక్కడే మాట్లాడించాం. ఆవిడ ఇప్పుడు ఉత్తరాలు తనే టైప్ చేస్తున్నారు. 2025.1 వెర్షన్ నుంచి రిమోట్ సదుపాయం (దూరం నుంచి ఇంకొకరి కంప్యూటర్ నడపడం) ఎన్‌వీడీఏలోనే కలిపి ఇచ్చారు కాబట్టి వేరే యాడ్ఆన్ పని లేదు. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మన తెనాలి కుర్రాడు, తనూ చూపు లేనివాడే, వాళ్లకు రాత్రి అయ్యే వేళ మన వాళ్ల కంప్యూటర్లలోకి వచ్చి బాగు చేసి వెళ్తున్నాడు. తమ్ముడికి అందరి తరఫునా ఆశీస్సులు.

తెలుగు ఫైళ్ల కష్టం మాత్రం తీరలేదు. ఆఫీసుల నుంచి వచ్చే నోటీసులు, సర్క్యులర్లు ఇప్పటికీ అను లాంటి పాత డీటీపీ ఫాంట్లలోనే వస్తున్నాయి. చూసేవాళ్లకు తెలుగే, స్క్రీన్ రీడర్‌కు మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన చెత్త వినిపిస్తుంది. లేకపోతే స్కాన్ చేసిన పీడీఎఫ్, అందులో అసలు వినడానికి ఏమీ ఉండదు. యూనికోడ్‌లో ఇవ్వమని ఒక కార్యాలయానికి అర్జీ పెడితే కుదరదని రాసిచ్చారు, అక్కడి కంప్యూటర్ ఆపరేటర్ అమ్మాయి టీ టైములో మార్చి మెయిల్ చేసింది. కుదరక కాదు, చెయ్యాలని లేక. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, యాప్‌లు, వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే ఐఎస్ 17802 ప్రమాణాన్ని 2023లో నిబంధనల్లో చేర్చారు, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా కాదు, తప్పనిసరిగా ఉండాలని 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకేం కావాలి?

యాప్‌ల సంగతీ అంతే. బాగా పనిచేస్తున్న ఒక టికెట్ యాప్ అప్‌డేట్ తర్వాత సీటు ఎంచుకునే పేజీలో ప్రతి బటన్‌కూ ‘అన్‌లేబుల్డ్’ (పేరు లేదు) అనే చెప్పడం మొదలుపెట్టింది. కంపెనీకి రాస్తే మీ సలహాకు ధన్యవాదాలు అని జవాబు. అప్పుడు టాక్‌బ్యాక్ గొంతు వినపడేలా స్క్రీన్ రికార్డింగ్ చేసి, ఫోన్ మోడల్, యాప్ వెర్షన్ రాసి, సభ్యులందరం విడివిడిగా పంపాం. రెండు అప్‌డేట్ల తర్వాత పేర్లు వచ్చాయి. కోపంగా ఒక్క నక్షత్రం ఇచ్చి వదిలేస్తే ఏమీ జరగదు, ఇలా పంపితే జరుగుతుంది. ఎలా రికార్డ్ చెయ్యాలో గ్రూపులో ఉంది, ఈ పని నలుగురైదుగురి మీదే వదలకండి.

పుస్తకాల పని వెనకబడింది. 2012 కాపీరైట్ సవరణ వల్ల మనకోసం పుస్తకాన్ని చదవగలిగే రూపంలోకి మార్చుకోవచ్చు, మనలాంటివాళ్ల ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయ 2016 నుంచి నడుస్తోంది, కానీ మనవాళ్లు అడిగే తెలుగు పుస్తకాలు అందులో దొరకడం తక్కువ. స్కాన్ చేసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) పెడితే ‘మ’ని ‘య’ అంటుంది, వత్తులు ఎగిరిపోతాయి, చూపున్న మనిషి పేజీ పేజీ సరిచూడాలి. సరిచూస్తామని పేజీలు తీసుకున్నవాళ్లు తిరిగి ఇవ్వలేదు. ఈ పుస్తకాల కోసం డిగ్రీ పిల్లలు ఎదురుచూస్తున్నారు, పరీక్షలు అయిపోయాక ఇచ్చి లాభం లేదు. పేజీలు తీసుకున్నవాళ్లు ఎంతవరకైతే అంతవరకే పంపండి, మిగతాది ఇంకొకరికి ఇస్తాం. ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు మాత్రం ఒంటరిగా ఒక వాచకం మొత్తం పూర్తిచేసి ఇచ్చారు, ఆయనకు పాదాభివందనం.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, కోశాధికారి గారు చదువుతారు, కాపీ గ్రూపులో ఉంది. శిబిరం ఖర్చు విరాళాల్లోనే సరిపోయింది. చందా బకాయిలు ఎక్కువ ఉన్నాయి, దయచేసి కట్టండి, ఇప్పుడు అందరికీ ఫోన్‌లో కట్టడం వచ్చు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం కోరేది రెండు. శిబిరానికి వచ్చినవాళ్ల ఫోన్లలో ఏ అప్‌డేట్ వచ్చినా అడగడానికి ఊరికొక మనిషి ఉండాలి, నేర్చుకున్న సభ్యులే ముందుకొచ్చి పేరు ఇవ్వాలి. రెండోది, తర్వాతి శిబిరం మాచర్ల వైపు పెట్టాలి, అటునుంచి గుంటూరు దాకా రాలేనివాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ పడుకోవడానికి చోటు ఇవ్వగలవాళ్లు తెలిస్తే ఈ సమావేశం అయ్యేలోపే నాకు చెప్పండి. ఎన్నికలు భోజనాల తర్వాత.

కార్యదర్శి