టీ-34/85 (సోవియట్ ట్యాంకు) ప్లాస్టిక్ బొమ్మ కడుతున్నవాళ్లకి

1/35 కిట్ (అసలు ట్యాంకులో 35వ వంతు సైజు) మొదలుపెట్టినవాళ్లు చక్రాలు, ట్రాక్‌లు ముందే అతికించేయకండి. తర్వాత చక్రాల వెనక్కి బ్రష్ దూరదు. ఈ ట్యాంకుకి రిటర్న్ రోలర్లు (ట్రాక్ పై భాగాన్ని మోసే చిన్న చక్రాలు) లేవు కాబట్టి ట్రాక్ పై భాగం చక్రాల మీదకే వాలాలి. తీగలా బిగిసి ఉంటే చూడగానే తేడా తెలిసిపోతుంది. ట్రాక్‌ని తిప్పే చక్రం వచ్చేది వెనక వైపు, మర్చిపోవద్దు.

ఎయిర్‌బ్రష్‌కి (గాలితో రంగు చిమ్మే పరికరం) అక్రిలిక్ రంగు, థిన్నర్ సగం సగం. గాలి ఒత్తిడి 15 పీఎస్‌ఐ, 8-10 సెం.మీ. దూరం. ఇంకా దూరం జరిగితే రంగు గాల్లోనే ఆరి గరుకుగా పడుతుంది. ఆకుపచ్చలో కాస్త పసుపు కలపండి. వాష్ (సందుల్లోకి దిగే పల్చటి ముదురు రంగు) పడ్డాక ఎలాగూ ముదురుతుంది.

డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తుల స్టిక్కర్) కింద మెరిసే (గ్లాసీ) వార్నిష్ తప్పనిసరి. మ్యాట్ (మెరుపు లేని) పూత మీద అతికిస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. వార్నిష్ 24 గంటలు ఆరాకే ఎనామెల్ వాష్. అదీ వెల్డింగ్ గీతల వెంట, బోల్టుల చుట్టూ మాత్రమే. ఒళ్లంతా పూస్తే మురికి గుడ్డే! మూలల్లో మడుగు కట్టనిస్తే థిన్నర్ ప్లాస్టిక్‌లోకి దిగి ఇరుసుల దగ్గర పగుళ్లొస్తాయి.

ముసురు పట్టిన రోజు మ్యాట్ స్ప్రే జోలికి పోకండి, తెల్లగా పాలిపోతుంది.