మైపాడు ట్రయాథ్లాన్: నేను రుణపడ్డవాళ్ళకు నాలుగు మాటలు

ముందుగా ఒంగోలు నుంచి వచ్చిన ఆ తమ్ముడికి. తమ్ముడూ, నీ పేరు అడిగే వ్యవధి నాకు దొరకలేదు. పోటీ అయ్యాక వెతికాను గానీ అప్పటికే వెళ్ళిపోయావన్నారు. ఇందుకూరుపేట దారిలో సైకిలు తలకిందులు చేసుకుని కూర్చున్న ఒక ఆడమనిషి కోసం నువ్వు నీ పోటీ ఆపుకున్నావు. ఇది నీ కంట పడాలనే రాస్తున్నాను. నీతో పాటు ఇంకా చాలామందికి చెప్పుకోవాలి, అందుకని కాస్త పొడుగవుతుంది.

నేను నెల్లూరు జిల్లాలో, కోవూరు వైపు ఒక సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. మొన్న ఆదివారం మైపాడులో చిన్న ట్రయాథ్లాన్ పూర్తి చేశాను. సముద్రంలో 750 మీటర్ల ఈత, ఆ తడి బట్టల మీదే 20 కిలోమీటర్ల సైకిలు, సైకిలు దిగీ దిగగానే 5 కిలోమీటర్ల పరుగు. "మూడూ ఒకే రోజా మేడం?" అని మా ఎనిమిదో తరగతి పిల్లలు అడిగారు. ఒకే రోజే కాదు, ఒకే గడియారం. ఈతకీ సైకిలుకీ మధ్య బూట్లు తొడుక్కునే సమయం కూడా లెక్కలోకే వస్తుంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈ ఆట మొదటిసారి వచ్చింది. అక్కడ ఈత ఒకటిన్నర కిలోమీటరు, సైకిలు 40, పరుగు 10. మేం చేసింది సరిగ్గా అందులో సగం. సగమే అయినా, ఈత పెద్దయ్యాక నేర్చుకున్న నాలాంటివాళ్ళకు అది చిన్న సంగతి కాదు.

ఈ ఆటలో ఒక నియమం ఉంది. పోటీ మొదలయ్యాక బయటివాళ్ళు ఎవరూ సాయం పట్టకూడదు. నిర్వాహకులు పెట్టిన చోట నీళ్ళు తాగొచ్చు గానీ ఇంటివాళ్ళు రోడ్డు పక్కన నిలబడి సీసా అందిస్తే తప్పు. చెయ్యి పట్టి లేపకూడదు, సైకిలు తొయ్యకూడదు. చూసేవాళ్ళకు ఇది పూర్తిగా ఒంటరి ఆటలా ఉంటుంది. నాకు అర్థమైంది మాత్రం వేరు. ఆ రోజు ఎవరూ ఏమీ చెయ్యడానికి వీల్లేదు కనక, చెయ్యగలిగినదంతా నావాళ్ళు ముందే చేసి పెట్టారు. నేను నీళ్ళలోకి దిగేసరికి వాళ్ళు నేర్పింది, బిగించింది, ఓర్చుకుంది అంతా నా ఒంట్లోనూ నా సైకిల్లోనూ ఉంది.

అందులో పెద్ద వాటా మైపాడు బాబాయిది. ఆయనకు సొంత మరపడవ ఉంది, వయసు అరవై దాటింది. నేను కొలనులో ఈత నేర్చుకుని, ఇక సముద్రం చూసుకుందామని వచ్చిన రోజుల్లో ఆయన ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ ఉండేవాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరమంతా మరబోట్లకు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. మత్స్యకారుల ఇళ్ళలో డబ్బాడని రోజులవి. అలాంటి రోజుల్లో ఆయన పనిగట్టుకుని లేచొచ్చి, మొలలోతు నీళ్ళలో నా పక్కన నిలబడి సముద్రం చదవడం నేర్పాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను రెండోసారి ఆ మాట ఎత్తలేదు.

ఆయన చెప్పిన మాటలు ఆయన మాటల్లోనే రాస్తాను, మన తీరంలో దిగే ప్రతి ఒక్కరికీ పనికొస్తాయి. "టీచరమ్మా, అలతో పోట్లాడబాక. అది వచ్చేటప్పుడు దాని కిందికి దూరు, నెత్తి మీదినించి పోతాది." నిజంగా అంతే. విరిగే అలకు ఎదురు నిలబడితే వెనక్కి విసిరేస్తుంది, మునిగితే మనల్ని దాటి ఒడ్డుకు పోతుంది. ఇంకో మాట ప్రాణం కాపాడేది. "యాడ అల ఇరగదో, యాడ నీళ్ళు నిమ్మళంగా కనపడతాయో ఆడికి పోబాక. ఆడే లోపలికి గుంజేది." మేం పట్నం నుంచి వచ్చేవాళ్ళం సరిగ్గా దానికి వ్యతిరేకంగా అనుకుంటాం. అలలు లేని చోటు మంచిదని పిల్లల్ని అక్కడే దించుతాం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి సముద్రంలోకి పోయేది ఆ సందులోంచే. "ఒకవేళ గుంజినా కంగారు పడబాక. ఒడ్డుకేసి ఈదబాక, అలిసిపోతావు. ఒడ్డు ఎంటే పక్కకి ఈదు. గుంజుడు ఒదిలినాక అప్పుడు మళ్ళుకో." ప్రతి ఏటా మన బీచుల్లో పండగలకీ సెలవులకీ పిల్లలు కొట్టుకుపోయిన వార్తలు చదువుతున్నాం. ఈ రెండు మాటలు బళ్ళలో చెప్పాలి. మా బడిలో నేను చెప్పడం మొదలుపెట్టాను.

అక్టోబరు వచ్చాక బాబాయి నన్ను నీళ్ళలోకి దిగనివ్వలేదు. మన జిల్లాకు ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది, అప్పుడు సముద్రం మాట వినదు. ఆ మూడు నెలలూ కొలనులో మా కోచ్ అక్క చేతిలో ఉన్నాను. ముఖం నీళ్ళలో ఉన్నంతసేపూ ఊపిరి వదులుతూనే ఉండాలి, తల పక్కకు తిరిగినప్పుడు తీసుకోవడం ఒక్కటే పని అని ఆమె నాతో ఎంత ఓపిగ్గా చేయించిందో! అంతకుముందు నేను రెండూ పైనే చెయ్యబోయి ఉక్కిరిబిక్కిరయ్యేదాన్ని. అక్కా, సముద్రంలో నన్ను నిలబెట్టింది అదే.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోని సైకిలు మెకానిక్ అన్నయ్యది మరో రకం మొండితనం. నా సైకిలుకు బేరింగులు మార్చి, చైను కడిగి, సీటు ఎత్తు సరిచేసి, అవన్నీ చేశాక కూడా పంపించలేదు. వెనక చక్రం ఊడదీసి నా ముందు పెట్టి, "ఇప్పుడు మీరు బిగించండమ్మా" అన్నాడు. టైరు లేపే చిన్న పలకలు చేతికిచ్చి, ట్యూబు మార్చడం నాకు పూర్తిగా వచ్చేదాకా వదల్లేదు. షాపులో బేరానికి వచ్చినవాళ్ళు నిలబడి చూస్తున్నా ఆయన పట్టించుకోలేదు. మన దారుల్లో పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు ఎన్నో మీకు తెలుసు. ముల్లు దిగిన చోటు కనుక్కుని అది తీసేదాకా కొత్త ట్యూబు ఎక్కించకూడదని, టైరు లోపల చుట్టూ వేలితో నెమ్మదిగా తడమాలని నేర్పాడు.

ఇక ఇంట్లో. మా అత్తమ్మ. మైపాడు ఒడ్డున ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి మాకు చోటు దొరికేది కాదు. నేను సాధన చేసిన ప్రతి ఆదివారం ఆమె నాతో వచ్చి, సరుగుడు చెట్ల పక్కన తన పాత చీర అడ్డంగా పట్టుకుని నిలబడింది. ఎండలో, గాలికి చీర ఎగరకుండా రెండు కొసలూ బిగబట్టుకుని. ఆమెకు ఈత రాదు, నేను అలల్లోకి పోతుంటే భయం. ఆ భయం ఒక్కసారి కూడా నా ముందు బయటపెట్టలేదు, మా పాప చెప్పాకే తెలిసింది. అత్తమ్మా, ఈ మాట మీ ఎదురుగా చెప్పలేను, ఇక్కడ రాస్తున్నాను. మీరు పట్టిన చీర లేకపోతే నేను ఆ నీళ్ళలోకి దిగి ఉండేదాన్ని కాదు.

పోటీ రోజు సంగతి. ఫిబ్రవరికి మన తీరం వెంట నీరు ఉత్తరానికి లాగడం మొదలవుతుంది, కార్తీకంలో లాగినట్టు దక్షిణానికి కాదు. కనక నీళ్ళలో దారి గుర్తుగా తేలే బోయాకు సూటిగా కాకుండా కొంచెం దక్షిణానికి గురిపెట్టి ఈదమని బాబాయి ముందే చెప్పాడు. సూటిగా బయల్దేరిన కొందరు ఉత్తరానికి జారి, మళ్ళీ నీటికి ఎదురీదవలసి వచ్చింది. నేను అలలు దాటేదాకా బాగానే ఉన్నాను. మొదటి బోయా దగ్గర అందరూ ఒక్కచోటికి చేరేసరికి ఎవరి చెయ్యో ముఖానికి తగిలి నీళ్ళు మింగాను, ఊపిరి అందలేదు. రక్షణ కోసం పెట్టిన పడవల్లో దగ్గరున్నది బాబాయిదే. పడవ పట్టుకుని ఆగడం నియమాల ప్రకారం తప్పు కాదు, పడవ మనల్ని ముందుకు తీసుకుపోకూడదు, అంతే. ఆయన ఇంజను ఆపేసి, నా వైపు చెయ్యి చాపకుండా, "పట్టుకోమ్మా, నిదానంగా ఊపిరి ఒదులు. యాడికీ పోదు సముద్రం" అన్నాడు. ఊపిరి వదిలాను. కోచ్ అక్క నేర్పినదే. కాసేపటికి పడవ వదిలేసి మళ్ళీ ఈదాను.

ఒడ్డు దగ్గర పడ్డాక కాళ్ళు గట్టిగా ఆడించమని కూడా ఆమే చెప్పింది. అంతసేపు అడ్డంగా ఉన్న ఒళ్ళు ఒక్కసారి నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగి తల తిరుగుతుంది. నాకూ కొంచెం తిరిగింది గానీ పడలేదు. సైకిళ్ళ దగ్గర హెల్మెట్ బెల్టు బిగించాకే సైకిలు మీద చెయ్యి వెయ్యాలి, గీత దాటాకే ఎక్కాలి. అవన్నీ సవ్యంగా జరిగాయి.

ఇందుకూరుపేట దారి ఆ వేళ ఎంత బాగుందో చెప్పాలి. ఒకవైపు రొయ్యల గుంటలు, ఇంకోవైపు పొట్టకొచ్చిన వరి, రోడ్డు బల్లపరుపు. వెనక్కి తిరిగాక, తిరుగు దారిలో ఇంకా సగం పైనే మిగిలి ఉండగా వెనక టైరు దిగిపోయింది. దిగి, చక్రం ఊడదీసి, ముల్లు కనుక్కుని తీసేశాను. చేతులు వాటంతట అవే పని చేశాయి, మెకానిక్ అన్నా. కొత్త ట్యూబు ఎక్కించి గాలి కొడుతుంటే వాల్వు మొదట్లో ఊడి చేతికొచ్చింది. ఇంకో ట్యూబు లేదు.

మా ఆయన అక్కడికి దగ్గర్లోనే రోడ్డు పక్కన స్కూటరుతో ఉన్నారు. పరుగున వచ్చి, రెండడుగుల దూరంలో ఆగిపోయారు. నియమం ఆయనకు తెలుసు. స్కూటరు మీద ఎక్కడికైనా పోయి ట్యూబు తేగలరు, తెచ్చినా నేను ముట్టుకోకూడదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నా కోసం ఎన్ని తెల్లవారుజాములు లేచి, పెన్న దాటించి, చీకట్లో నా వెనకే లైటు వేసుకుని వచ్చారో! ఆ రోజు ఏమీ చెయ్యకుండా అలా నిలబడటం ఆయనకు వాటన్నిటికంటే కష్టమై ఉంటుంది. ఏవండీ, మీకు నా కృతజ్ఞత అన్నిటికంటే ఎక్కువగా ఆ నిమిషాలకే.

అప్పుడు ఆ తమ్ముడు ఆగాడు. "ఏమైందక్కా?" అని, నేను చూపించగానే సీటు కింది సంచి విప్పి తన ట్యూబు ఇచ్చేశాడు. పోటీలో ఉన్నవాళ్ళు ఒకరికొకరు ట్యూబు, పంపు, నీళ్ళు లాంటివి ఇచ్చుకోవచ్చు. ఇచ్చినవాడు పోటీ నుంచి తప్పుకోవలసి వచ్చే చక్రం, హెల్మెట్ లాంటివి మాత్రం ఇవ్వకూడదు. ఆయన సైకిలు సన్నటి టైర్లది, నాది కాస్త వెడల్పుది. ఆ ట్యూబు నా టైరులో కొంచెం సాగాలి, వాల్వూ వేరే రకం, నా పంపుకు పట్టదు. అందుకని పంపు కూడా ఇచ్చి, గాలి నిండేదాకా నిలబడ్డాడు. మమ్మల్ని దాటి ఎంతమంది పోయారో నేను చూస్తూనే ఉన్నాను. "వెళ్ళు తమ్ముడూ, ఇక నేను చూసుకుంటాను" అంటే, "ఉండండక్కా, చక్రం తిప్పి చూద్దాం" అన్నాడు. అక్కణ్ణుంచి మిగిలిన దారంతా తన దగ్గర ఇంకో ట్యూబు లేకుండా పోయాడు, అదే ముళ్ళ దారిలో. తమ్ముడూ, నీ సైజు ట్యూబులు రెండు కొని స్టోన్‌హౌస్‌పేట అన్న షాపులో నీ పేరున, అంటే "ఒంగోలు తమ్ముడు" అని రాయించి పెట్టాను. నెల్లూరు ఎప్పుడొచ్చినా తీసుకో. ఒంగోలు సైకిలు మిత్రుల్లో ఎవరికైనా ఆయన తెలిస్తే ఈ మాట చేరవెయ్యండి.

పరుగు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. సైకిలు దిగాక మొదటి కిలోమీటరు కాళ్ళు వేరేవాళ్ళవి తగిలించినట్టుంటాయి, తర్వాత సర్దుకుంటాయి. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పొద్దున్నే పరుగెత్తే మా బ్యాచి నాతో సైకిలు దిగీ దిగగానే పరుగెత్తే సాధన చేయించారు కాబట్టి నేను బెదరలేదు. నీళ్ళ బల్లల దగ్గర నిలబడ్డ కాలేజీ పిల్లలకు, ఎండెక్కాక కూడా చివరి మనిషి వచ్చేదాకా కదలని అంబులెన్సు సిబ్బందికి, తమ వీధిలో ఆ పూట బళ్ళు ఆపుకుని మాకు దారి ఇచ్చిన మైపాడు వాళ్ళకు దండాలు. ఒక అవ్వ ఇంటి ముందు నీళ్ళు చల్లి, "చల్లగుంటాది, ఈ పక్కన పరిగెత్తు బిడ్డా" అంది.

నిర్వాహకులకు కృతజ్ఞతలతో పాటు ఒక మనవి. వచ్చే ఏడాది ఆడవాళ్ళకు బట్టలు మార్చుకోవడానికి ఒక గుడారం వేయించండి. నలుగురం ఆడవాళ్ళం కలిసి మాట్లాడుకుంటే అందరూ ఇదే అన్నారు. ఖర్చులో నా వంతు నేను పెడతాను, నిలబెట్టడానికి మా ఇంటి నుంచి మనుషులూ వస్తారు.

మా బడిలో ఇద్దరు టీచర్లు ఇప్పటికే కొలనులో చేరారు. వాళ్ళ సంగతి బాబాయికి చెబితే, "ఏప్రిల్ 15 దాటనీ, పడవలు ఒడ్డునే ఉంటాయి. పిలుచుకురామ్మా, అలలు సూపిస్తా" అన్నాడు. పిలుచుకొస్తాను బాబాయ్. ఈసారి పిల్లల్ని కూడా.