పాత ఇన్‌స్టలేషన్ సూచనలను దిద్దాలి

సంపాదకులకు నమస్కారం.

ఉబుంటు 24.04 అనే లినక్స్ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టం) ఉన్న కంప్యూటర్‌లో విద్యార్థి ల్యాబ్ మాన్యువల్ చూసి ‘సుడో పిప్ ఇన్‌స్టాల్’ అని (పైథాన్ ప్యాకేజీలను ఎక్కించే ‘పిప్’ కమాండ్) కొడితే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అనే ఎర్రర్ వచ్చి పని ఆగిపోతుంది. పిల్లలేమో తామే ఏదో తప్పు చేశామనుకుంటారు. నిజానికి ఆ సూచనకే కాలం చెల్లింది. కాలేజీ ల్యాబుల్లో ఇది నేను తరచూ చూస్తున్నాను.

2023లో వచ్చిన ఉబుంటు 23.04, మరో లినక్స్ ఓఎస్ అయిన డెబియన్ 12 నుంచి ఈ కట్టడి ఉంది. సిస్టంలోని చాలా పనిముట్లు పైథాన్ మీదే నడుస్తాయి. పిప్ తెచ్చే ఫైళ్లు వాటి లైబ్రరీలను మార్చేస్తే సిస్టమే దెబ్బతింటుంది కాబట్టి, సిస్టం లైబ్రరీలకు అంటకుండా వేరుగా ఉండే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఇన్‌స్టాల్ చేసుకోమని ఆ ఎర్రర్ సందేశంలోనే చెబుతారు. దాన్ని చదివే ఓపిక లేక చాలామంది నెట్‌లో దొరికిన ‘బ్రేక్ సిస్టం ప్యాకేజెస్’ అనే, ఈ కట్టడిని దాటేసే ఆప్షన్ తగిలిస్తున్నారు. అప్పటికి పని జరుగుతుంది. కొన్నాళ్లకు మరో ప్రోగ్రాం మొరాయిస్తే కారణం ఎవరికీ అంతుపట్టదు.

రిపాజిటరీల (సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు దొరికే భాండాగారాల) నమ్మకాన్ని ధ్రువీకరించే కీలను సిస్టంలో చేర్చే ఆప్ట్-కీ కమాండ్ ఇంతకన్నా ప్రమాదం. బయటి రిపాజిటరీ కోసం దాంతో చేర్చిన కీ మిగతా రిపాజిటరీలన్నిటికీ చెల్లుతుంది, ఒక గదికని ఇచ్చిన తాళంచెవి ఇంట్లో అన్ని గదులకూ పట్టినట్టు. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13లో ఆ కమాండే తీసేశారు. అయినా ఎన్నో సాఫ్ట్‌వేర్ల ఇన్‌స్టలేషన్ పేజీల్లో అది ఇంకా కనిపిస్తోంది.

ఓపెన్ సోర్స్ డాక్యుమెంటేషన్‌ను ఎవరైనా దిద్దవచ్చు. ప్రాజెక్టు ఫైళ్లు గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో ఉంటే ఆ ఫైలు తెరిచి, పెన్సిల్ గుర్తు నొక్కి, వాక్యం సరిచేసి పుల్ రిక్వెస్ట్ (మార్పును చేర్చుకోమనే వినతి) పంపితే నిర్వాహకులు పరిశీలిస్తారు. ఏ వర్షన్‌లో ఏ కమాండ్‌కు ఏ ఎర్రర్ వచ్చిందో, చివరికి ఏది పనిచేసిందో రాయాలి. పంపేముందు మాత్రం కొత్తగా ఓఎస్ ఎక్కించిన మెషీన్ మీద మొదటి కమాండ్ నుంచి చేసి చూడాలి. ఎందుకంటే రాసేవారి కంప్యూటర్‌లో కావలసిన ప్యాకేజీలు ముందే ఉంటాయి, వాటి సంగతి వారికి గుర్తుండదు. ఉబుంటులో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారుచేయడానికి కావలసిన ‘పైథాన్3-వెన్వ్’ ప్యాకేజీని ముందుగా వేసుకోవాలన్న ఒక్క మాట చాలా సూచనల్లో లేకపోవడం వల్ల, సరైన దారిలో వెళ్లిన విద్యార్థి కూడా అక్కడ ఆగిపోతున్నాడు. ఇంట్లో, ఊళ్లో అడిగేందుకు ఎవరూ లేని డిప్లొమా విద్యార్థికి ఆ పేజీయే గురువు. అందులో తప్పుంటే అతని చదువు ఆ పూటకు అక్కడితో సరి.

రెండు తెలుగు రాష్ట్రాల సాంకేతిక విద్యాశాఖలకు నా విన్నపం ఇది. ప్రతి ల్యాబ్ మాన్యువల్ మొదటి పేజీలో ఏ ఓఎస్ మీద, ఏ నెలలో పరీక్షించారో ముద్రించాలి. విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా ఇన్‌స్టలేషన్ భాగాన్ని ఎవరో ఒకరు స్వయంగా చేసి చూడాలి. మాన్యువళ్లను ఎవరైనా దిద్దుబాట్లు పంపేలా బహిరంగ రిపాజిటరీలో ఉంచాలి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఆమోదించిన దిద్దుబాటుకు మినీ ప్రాజెక్టులో మార్కులు వేయాలి. తెలుగునాట స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్లుగా పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ వంటి సంస్థల సాయం ఇందుకు అడగవచ్చు. వచ్చే జూన్‌లో తరగతులు మొదలయ్యేలోపు కనీసం పైథాన్ ల్యాబ్ మాన్యువల్‌నైనా సరిచేయాలని కోరుతున్నాను.

– ఒక కంప్యూటర్ ల్యాబ్ అధ్యాపకుడు, తెనాలి