లక్షణాలు చెప్పకుండా జాగ్రత్తలు చెబితే ఎలా?

సంపాదకులకు,

ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ గురించి పోయిన వారం మీ మహిళా పేజీలో వచ్చిన వ్యాసం చదివినప్పటి కోపం ఇంకా తగ్గలేదు. పరిశుభ్రత పాటించాలని పదేపదే చెప్పి, ఇబ్బందిగా ఉంటే వైద్యులను కలవమని ముగించారు. ఆ ఇబ్బంది ఏమిటో ఒక్క వాక్యమైనా లేదు. రాసేవారే మొహమాటపడితే చదివే ఆడవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

జననాంగం దగ్గర ఓర్చుకోలేని దురద, మంట, ఎరుపు. విరిగిన పెరుగులా చిక్కగా తెల్లబట్ట. మూత్రానికి వెళ్ళినప్పుడు మంట. దుర్వాసన సాధారణంగా ఉండదు. చేపల వాసన వచ్చినా, పచ్చగా నురగలా అవుతున్నా అది వేరే జబ్బు, దానికి మందూ వేరే. ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ తెచ్చే కాండిడా అనే శిలీంధ్రమే (ఫంగస్) పసిపిల్లల నోట్లో తెల్లటి మచ్చలుగా వస్తుంది, పాలు అంటుకున్నాయనుకుని వదిలేస్తారు. రొమ్ముల కింద, గజ్జల్లో చర్మం ఎర్రగా ఒరిసిపోయి చుట్టూ చిన్న పొక్కులు వస్తాయి. నాట్ల కాలంలో రోజంతా బురదనీళ్ళలో నిలబడే కూలీల వేళ్ళ సందులు నాని పాచిపోవడానికి ఇదీ ఒక కారణం. ఇంత రాయడానికి ఎంత చోటు పట్టింది?

పైగా శుభ్రత లేకనే వస్తుందన్నట్టు రాశారు. నలుగురు ఆడవాళ్ళలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే జబ్బు ఇది. గర్భంతో ఉన్నా, యాంటీబయోటిక్ మాత్రలు వాడినా, షుగరు అదుపు తప్పినా వస్తుంది. మాటిమాటికీ వస్తుంటే షుగరు పరీక్ష చేయించుకోవాలి. ఆ ముక్క అసలే రాయలేదు.

మా మిర్యాలగూడ వైపు దీన్ని 'ఒంట్లో వేడి' అనుకుని సబ్జా నీళ్ళు తాగుతూ నెలలు గడుపుతారు. భరించలేక ఆర్ఎంపీ దగ్గరికి వెళితే మళ్ళీ యాంటీబయోటిక్. మందుల దుకాణానికి వెళితే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు. అది దురదను నాలుగు రోజులు అణిచి శిలీంధ్రాన్ని పెంచుతుంది. స్టెరాయిడ్ లేపనాలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. తనిఖీ చేయవలసిన అధికారులు ఎక్కడున్నారు? ఆడవాళ్ళ పరీక్షల కోసం 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలైంది. ఏ లక్షణాలుంటే వెళ్ళాలో చెప్పకపోతే ఎవరు వెళతారు? ఆసుపత్రి గోడల మీద నాయకుల ఫ్లెక్సీలకు చోటుంది, ఈ నాలుగు లక్షణాలు రాయడానికి లేదు.

వచ్చే వారం ఆ వ్యాసాన్ని లక్షణాలతో సహా మళ్ళీ వేయండి. గర్భిణులు దుకాణంలో అడిగి మాత్ర మింగకూడదన్న హెచ్చరిక మరవకండి.

— విశ్రాంత ఉపాధ్యాయురాలు, మిర్యాలగూడ, నల్గొండ జిల్లా