అమ్మమ్మ ముఖం ఇంగ్లీషులో

బుజ్జీ,

అమ్మమ్మ మీద నువ్వు రాసిన ఇంగ్లీషు వ్యాసం నిన్న రాత్రి చదివాను. ఇరవై ఏళ్లుగా ఎర్రపెన్ను పట్టిన చెయ్యి కదా, నీదని కూడా చూడకుండా గీసేసింది. కోప్పడకు.

‘షీ హాజ్ బ్లాక్ ఐస్’ అన్నావు. మనవి నల్లకళ్లే, కాదనను. కానీ ఇంగ్లీషులో ‘బ్లాక్ ఐ’ అంటే దెబ్బ తగిలి కమిలిన కన్ను. చదివినవాళ్లు మీ అమ్మమ్మను ఎవరో కొట్టారనుకుంటారు! ‘డార్క్ ఐస్’ అను. చక్రాల్లాంటి కళ్లు అనబోయి ‘వైడ్-ఐడ్’ అన్నావు. అది కళ్ల సైజు గురించి కాదు. ఆశ్చర్యపోయినవాళ్లనో, అమాయకులనో అలా అంటారు. సంతలో ఆవిడ బేరం చూసినవాళ్లెవరైనా ఆ మాట ఒప్పుకుంటారా? ‘టైట్-లిప్డ్’ కూడా సన్నటి పెదవులు కాదు, గుట్టు విప్పని మనిషి. అమ్మమ్మ!

చివర ‘ఎడ్’ ఉంది కదా అని భూతకాలం అనుకోకు. అది మన బహువ్రీహి లాంటిదే. ముక్కంటి అంటే మూడు కళ్లు గలవాడు, ‘త్రీ-ఐడ్’. అంతే.

‘వీటిష్’ కొట్టేశాను. అది మన పెళ్లి ప్రకటనల ఇంగ్లీషు, చామనచాయకు ‘లైట్ బ్రౌన్’ చాలు. ‘హోమ్లీ’ అసలే వద్దు, అమెరికావాళ్లకు అది అందం లేని ముఖం. కోటేరు ముక్కుకు డిక్షనరీలో వెతికి ‘ఆక్విలైన్’ పెట్టినట్టున్నావు. అది గద్దముక్కు. లాటిన్‌లో గద్దకున్న పేరు నుంచే వచ్చింది ఆ మాట. అమ్మమ్మది సూటి ముక్కు కదే.

ఇవన్నీ దిద్దుకోవచ్చు. నాకు వెలితి అనిపించింది వేరే. నుదురు, కళ్లు, ముక్కు, గడ్డం అని వరసగా చెప్పుకుపోయావు, తప్పిపోయిన మనిషి కోసం ఇచ్చే ప్రకటనలాగా. ఆ ముక్కుకు రెండు పక్కలా చిల్లులుంటాయి, చూశావా? కుడివైపు తెల్లరాయి. ఎడమవైపు పుడక తాతయ్య వైద్యానికి అమ్మేశాక, చిల్లు పూడిపోకుండా చీపురుపుల్ల ముక్క పెట్టుకుంది. అది ఇప్పటికీ ఉంది. స్నానం చేసొచ్చి అద్దం కూడా చూసుకోకుండా మార్చుకుంటుంది. ‘విత్ ఎ బిట్ ఆఫ్ బ్రూమ్ స్ట్రా ఇన్ హర్ నోజ్’ అని రాసి చూడు.

పొద్దున ఆవిడకు నీ వ్యాసం తెలుగులో చదివి వినిపించి, ఈ పుల్ల సంగతీ చెప్పాను. “అది రాయొద్దని చెప్పవే, పరువు పోతుంది,” అంటూ ముక్కు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. నువ్వు మాత్రం రాయి.

అమ్మ